మీరు వారికి ఏమవుతారు?

ఆయన లెక్కన, ఆయన గురించి రాయడానికి నేను పనికిరాను. ఆయన నాకు తెలుసు. ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. రెండేళ్ళు ఆయన మీద కోపం పెట్టుకున్నాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా చాలు, "నువ్వు పక్కకు తప్పుకోమ్మా, ఇంకెవురన్నా రాస్తారు" అనేవారు. ఎవరూ రాయకపోతే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "అప్పుడు ఉండదు" అన్నారు, కరెంటు పోతే ఫ్యాను తిరగదన్నంత మామూలుగా.

ఆయన పోయిన సంగతి పదిరోజుల కిందట తెలిసింది. ఇంటర్నెట్టులో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది కదా, అందులో ఆయనకు కబుర్లు రాసే చర్చ పేజీ కింద ఎవరో ఒక వాక్యం పెట్టారు. దాని కింద వరసగా నివాళులు. ఆయనే ఉంటే ఆ వాక్యం పక్కన "మూలం?" అని రాసేవారు కదా అనిపించి నవ్వొచ్చింది. తర్వాత పాపకు అన్నం కలుపుతూ ఏడ్చాను. నా వంతు నివాళి రాయలేకపోయాను. పాప నిద్రపోయాక రోజూ కాస్త కాస్తగా ఇది రాస్తున్నాను.

చిత్తూరు జిల్లాలో ఒక కోర్టులో, నకళ్ళ సెక్షన్‌లో, ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశారాయన. తీర్పుల నకళ్ళు రాయడం, రాసినవి సరిచూడడం ఆయన పని. ఒకరు అసలు కాగితం పైకి చదువుతుంటే ఇంకొకరు నకలు మీద వేలు పెట్టి పోల్చుకుంటూ పోవాలట. కామా కూడా పైకి చదవాలి. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పేపరు చదివినా "కామా, ఫుల్‌స్టాపు, కొత్త పేరా" అంటూ చదివేవారు. కంప్యూటరు తెర మీద కూడా చెక్క స్కేలు ఆనించి, ఒక్కో లైను కిందకి జరుపుకుంటూ చదివేవారు. తెర మీద గీతలు పడతాయని తిరుపతిలో నెట్ సెంటరు ఓనరు మొత్తుకునేవాడు.

ఆ సెంటర్లోనే నేను ఆయన్ని మొదట చూశాను. తెలుగులో రాయడం నేర్పుతానని విజ్ఞాన సర్వస్వంలో ప్రకటన పెట్టి, ఒక ఆదివారం బస్సెక్కి వచ్చారు. మేము ఐదుగురం పోయాం. ఓనరు అందరికీ టీ తెప్పించాడు. ఆయన ముట్టుకోలేదు.

"ఈ సెంటరు గురించి ఎవురో నాలుగు లైన్లు రాసి పెట్టుండారు. రేపు నేను దాన్ని తీసేయాల. టీ తాగి తీసేస్తే బాగుండదు" అన్నారు.

ఓనరు మొహం చూడాల్సింది. ఆ నాలుగు లైన్లు రాసింది అతనే.

నియమానికి నిలవని వ్యాసాలు తీసేసే నిర్వాహకుల్లో ఆయన ఒకరు. ఆయన బావమరిది సర్పంచి అయితే, ఆ బావమరిది కొడుకు వాళ్ళ నాన్న మీద ఒక వ్యాసం రాశాడట. ఆయన దాన్ని తన చేత్తో తీయలేదు. చుట్టం కాబట్టి తాను తేల్చకూడదని రాసి, ఇంకో నిర్వాహకుడి చేత తీయించారు. "మూడేండ్లుగా వాడు మా ఇంట్లో అన్నం తినడంల్యా" అని చెప్పేవారు. ఆ చెప్పడంలో బాధ ఎంతో గర్వం ఎంతో తెలిసేది కాదు.

అప్పట్లో మా ఆయనకు రేణిగుంటలో గోడౌన్ పని, షిఫ్టులు. పదకొండు నెలల పాపతో ఇంట్లో నేనొక్కదాన్నే. పాప ఊపిరి తీస్తోందా లేదా అని పదిసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషిని. ఆ రోజుల్లో నాకు దొరికిన ఊపిరి ఆ రాత పని. ముందు సీతాఫలం గురించి రాశాను. రుచి తియ్యగా ఉంటుంది అన్న వాక్యం దగ్గర ఆయన ఫోను చేశారు.

"తియ్యగుంటుందని ఎవురు చెప్పినారు?"

"నేనే తిన్నాను సార్."

"నువ్వు తిన్న్యావు సరే. ఏ పుస్తకంలో ఉండాది?"

వ్యవసాయ పాఠ్యపుస్తకం వెతికి పట్టుకుని పేజీ నంబరు పెట్టేదాకా వదల్లేదు. పెట్టాక మాత్రం "ఇప్పుడది నీది కాదు, అందరిదీ" అన్నారు. డిగ్రీ మార్కులు చూసినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఆయన ఊతపదాలు రెండు. "అసలు యాడుండాది?" అనేది ఒకటి. "సగం నకలు నకలు కాదు" అనేది రెండోది. కాగితంలో మనకు నచ్చిన నాలుగు లైన్లు ఎత్తి రాసి, మిగతాది దాచిపెట్టడం ఆయన దృష్టిలో దొంగసాక్ష్యమంత తప్పు.

ఇంత తెలిసీ నేను మా నాయన గురించి వ్యాసం రాశాను.

మా వైపు ఎండాకాలంలో భారతం తిరునాళ్ళు పెడతారు. పద్దెనిమిది రోజులు పగలు భారతం చెప్పడం, రాత్రి నాటకం. అందులో అర్జునుడి తపస్సు రోజు వేరు. నలభై అడుగుల తపస్సు మాను నాటుతారు. అర్జున వేషగాడు పొద్దుగూకే వేళ పద్యాలు పాడుతూ, మెట్టు మెట్టుకూ ఆగుతూ దాన్ని ఎక్కుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ పడుకుని ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ ఎవరి కొంగులో పడితే వాళ్ళకు కడుపు పండుతుందని నమ్మకం. ఇరవై ఆరేళ్ళు ఆ మాను ఎక్కినవాడు మా నాయన. నాటకం నేర్పేవాడు కాబట్టి ఊళ్ళలో వాద్యారు అని పిలిచేవాళ్ళు.

రెండేళ్ళ కిందట వేసవిలో నాయన తిరుపతిలో ఆసుపత్రి వార్డులో ఉన్నాడు. గొంతులో పుండు. ఆపరేషన్ చేశాక మాట పోయింది. ఆ గొంతు ఎవరూ రికార్డు చేయలేదు. మాను మీద ఉన్నప్పుడు ఫొటో తీయకూడదనే పట్టింపు వల్ల ఒక్క ఫొటో కూడా లేదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి పదిరోజులు, మహా అంటే పదిహేను అన్న రోజు, ఇంటికొచ్చి ఒక్క కూర్చున్నపాటున రెండు పేజీలు రాసి పెట్టేశాను. ప్రింటు తీసుకెళ్ళి నాయనకు చదివి వినిపించాను. నాయన పద్యాలన్నీ చెవితో నేర్చుకున్నవాడు, చదవడం అంతంత మాత్రం. నేను చదువుతుంటే పెదవులు కదిలాయి. అయిపోగానే వేలు గుండ్రంగా తిప్పాడు, మళ్ళీ చదవమని. నాలుగుసార్లు చదివించుకున్నాడు. పక్క మంచం పలమనేరాయన్ని తట్టి లేపి కాగితం చూపించాడు. ఆదివారం ఊరి నుంచి తిరునాళ్ళ కమిటీ వాళ్ళు చూడ్డానికొస్తారు. వాళ్ళను నెట్ సెంటరుకు తీసుకెళ్ళి చూపించమని సైగ చేశాడు.

మర్నాడు వ్యాసం నెత్తిన ఎర్రగీత పెట్టె. విషయ ప్రాముఖ్యత తెలిపే ఆధారాలు లేవు, ఏడు రోజుల్లో చూపనిచో తొలగించబడును. కింద ఆయన సంతకం. చర్చ పేజీలో ఒక్క ప్రశ్న: "మీరు వారికి ఏమవుతారు?"

"ఏమీ కాను. అభిమానిని" అని రాశాను.

ఆధారాల కోసం అమ్మ పెట్టె వెతికాను.

అమ్మ పెట్టెలో పందొమ్మిది కరపత్రాలు దొరికాయి. ఏటేటా తిరునాళ్ళకు వేసినవి, నాయన పేరు పెద్దక్షరాల్లో ఉన్నవి. వాటి సంగతి రాశాను. ఆయన ఫోను చేశారు. ఆ కరపత్రాలు అచ్చేయించింది నాటకం ఆడించే కమిటీయే కదా, పిలిపించుకున్నోళ్ళే పొగిడితే దాన్ని బయటి మాట అనలేమన్నారు. అతను గొప్పోడా కాదా అని మనం తేల్చడం లేదు, సంబంధం లేని వాళ్ళు ఎవరైనా పూనుకుని అచ్చులో రాశారా అన్నదొక్కటే మన ప్రశ్న అన్నారు. ఎవరు రాస్తారు? మాను ఎక్కేవాడిని కింద నుంచి చూసే వాళ్ళలో రాసే వాళ్ళెవరున్నారు?

మూడో రోజు మా వీధిలో ఉండే పిల్లాడి దగ్గరికి పోయాను. పేపరుకు జిల్లా వార్తలు పంపుతుంటాడు. నన్ను అక్కా అంటాడు. నాయన మీద ఒక వార్త వేయమని అడిగాను.

"నాకు టయిం యాడుందిక్కా, నువ్వే రాసీ, ఏసేస్తా" అన్నాడు.

కొత్తగా రాసే ఓపిక లేదు. పాపకు ఆ రోజు జ్వరం. వ్యాసం ప్రింటే అతని చేతిలో పెట్టాను. ఐదో రోజు పొద్దున జిల్లా పేజీలో వచ్చింది, మక్కీకి మక్కీ. నేను దాన్నే మూలంగా వ్యాసం కింద పెట్టాను. పేపరు పేరు, తేదీ, పేజీ నంబరు. ఆయన నేర్పినట్టే.

ఆ మధ్యాహ్నమే ఫోను.

"నాయన మొదటిసారి మాను ఎక్కింది పలమనేరు పక్కన అని రాసినావే, అది యాడ చూసినావు?"

"పేపర్లో ఉంది కదా సార్."

"పేపర్లో ఉండాది. నీ వ్యాసంలో ముందే ఉండాది. అది తప్పమ్మా. ఆయన మొదట ఎక్కింది పుంగనూరు పక్కన. రెండు కాగితాల్లో ఒకే తప్పుంటే, ఒకదాన్ని చూసి ఇంకోటి రాసినారని అర్థం. మా సెక్షన్లో మొదటి రోజు నేర్పిచ్చేది అదే." మళ్ళీ ఆయనే అన్నారు. "నేనిప్పుడు నాయన అంటే నువ్వు ఎవురి నాయన అని అడగలేదు."

చంకలో పాప ఏడుస్తోంది. ఆయన అటువైపు ఎదురుచూస్తూనే ఉన్నారు. చివరికి, మా నాయనే అని చెప్పాను. ఏ ఆసుపత్రి, ఏ వార్డు అని అడిగి పెట్టేశారు.

మర్నాడు ఉదయం వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, గుడ్డసంచి. నాయన మంచం కాళ్ళ దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. నాయనకు ఆయనెవరో తెలియదు. అమ్మ ఫ్లాస్కులో నుంచి కాఫీ పోసి ఇస్తే వద్దన్నారు. అమ్మ మొహం మాడిపోయింది. "మా చేతిది తాగరా సామీ?" అంది. ఏ ఇంటి ముందు ఆడినా దూరంగా కూర్చోబెట్టి అన్నం పెట్టించుకున్న వాళ్ళం, ఆమెకు ఆ ఒక్క అర్థమే తెలుసు. ఆయన రెండు చేతులూ జోడించి "అట్లగాదు తల్లీ, అట్లగాదు" అంటూ వరండాలోకి వచ్చేశారు. కాఫీ మాత్రం తాగలేదు.

వరండాలో నాకు చెప్పారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళు వాళ్ళకు పిల్లలు లేరట. నాయన మాను ఎక్కిన రోజు ఆయన భార్య కింద తడిబట్టలతో పడుకుంది.

"నిమ్మకాయొచ్చింది. మరుసటేడు పాప. ఇప్పుడు ఇరవై రెండేండ్లు దానికి."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే మీరు చూసినారు కదా సార్. మీరే రాయండి. మీరు మాకేమీ కారు."

"ఏమీ కాకుంటే బాగుండు. నా బిడ్డే ఆయన చేతి నుంచి వచ్చిందని మా ఇంట్లో అనుకుంటా ఉంటే, ఏమీ కానని యాడ సంతకం పెట్టేది? ఈ వ్యాసం ఉంచనూ లేను, తీసేయనూ లేను. నేను పార్టీనమ్మా ఇందులో. ఆ ఎర్రగీత పెట్టె కూడా నేను పెట్టకూడదు, పెట్టేసినా."

"ఉంచొద్దు సార్. పదిరోజులు ఆపండి చాలు. డాక్టర్లు అంతకంటే చెప్పలేదు."

ఆయన తల వంచుకున్నారు. "గడువు పొడిగించాలంటే కారణం రాయాల. ఏమని రాసేది?"

నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఆసుపత్రిలో అందరూ చూస్తుండగా, పాప చంకలో ఉండగా. ఆయన వెనక్కి జరిగారు. పాప తల గోడకు తగులుతుందని చెయ్యి అడ్డం పెట్టారు. అంతే, మెట్లు దిగి పోయారు.

ఆ సాయంత్రం చర్చ పేజీలో రాశారు. పేపరు వార్త ఈ వ్యాసానికే నకలు అనీ, ఒకే తప్పు రెండింటిలో ఉన్నదనీ; తనకు ఈ విషయంతో సొంత సంబంధం ఉన్నందున నిర్ణయం నుంచి తప్పుకుంటున్నాననీ. నేను కూతుర్ననే మాట మాత్రం రాయలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇంకో నిర్వాహకుడెవరో తీసేశాడు. ఏ ఊరివాడో తెలియదు. "ప్రాముఖ్యత లేదు" అని రెండు ముక్కలు.

ఆదివారం ఊరి నుంచి ఇద్దరొచ్చారు. నాయన చెయ్యి ఊపి మమ్మల్ని నెట్ సెంటరుకు తోలాడు. నెట్టు పని చేయడం లేదని చెబుదామనుకున్నాను, పని చేసింది. ఈ పేరుతో వ్యాసం లేదు, మీరు మొదలుపెట్టవచ్చు అని వచ్చింది. ఇద్దరిలో పెద్దాయన చదువొచ్చినవాడు. నిదానంగా చదివి నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, తుడిసేసినారా?"

"ఆధారాలు లేవంట మామా."

"ఆదారమా? ఇరవై ఆరేండ్లు ఊరూరంతా సూస్తిమే."

వార్డుకు తిరిగొచ్చాం. నాయన దిండు మీద నుంచి తలెత్తి చూస్తున్నాడు. పెద్దాయన మంచం మీద కూర్చుని నాయన చెయ్యి పట్టుకుని, "సూసినాం వాద్యారే. శానా బాగా రాసినారు. రొండు పేజీలు" అన్నాడు. నేను చెప్పమనలేదు. నాయన అతన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను పాప గౌను బొత్తాలు పెట్టే వంకతో తల దించుకున్నాను. మళ్ళీ చదవమని నాయన ఇంక అడగలేదు. ఆ నాలుగోరోజు పోయాడు. నమ్మి పోయాడో, తెలిసి పోయాడో నాకు తెలియదు. రెండేళ్ళుగా పాపను జోకొడుతున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆ చూపు కిందే ఉన్నాను.

ఆయన మూడుసార్లు ఫోను చేశారు. నేను లేనని చెప్పించాను. రాయడం మానేశాను.

మొన్న శుక్రవారం పాపను తీసుకుని వాళ్ళింటికి పరామర్శకు పోయాను. భార్య ఎప్పుడో పోయిందట. ఆ కూతురు తలుపు తీసింది. నేనెవరో చెప్పగానే లోపలికి పోయి ఒక కవరు తెచ్చింది.

"మీకియ్యమన్నాడు నాయన. తను ఉండంగా ఇస్తే మీరు యాడన్నా వాడతారని భయమంట. నన్ను చదవొద్దన్నాడు, నేను చదవలేదు" అంది. ఆగి, నవ్వి, "నేను మీ నాయన చేతి నిమ్మకాయనే కదక్కా. మా అమ్మ ఎవురొచ్చినా అదే చెప్తా ఉండె" అంది. పాపను ఎత్తుకుని బిస్కెట్టు పెట్టింది.

తిరుపతి బస్సులో విప్పాను. నాలుగు పొడుగు కాగితాలు, అంచులు మడిచి, కోర్టు నకలు రాసినట్టు రాశారు. పైన "నేను చూచినది" అని ఉంది. నాయన ఏ ఊళ్ళో ఎప్పుడు ఎక్కాడో, ఏ మెట్టు దగ్గర ఏ పద్యం పాడాడో, గాలికి మాను ఊగితే ఎలా నవ్వాడో అంతా ఉంది. నేనే ఎప్పుడూ చూడని నాయన. చివరి పేజీలో ఇలా ఉంది:

"నిమ్మకాయ నా భార్య కొంగులో పడలేదు. పక్కన పడుకున్న వేరొక స్త్రీ కొంగులో పడినది. ఆ స్త్రీ లేచి, నా భార్య ఏడ్చుట చూచి, తన పండు ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయినది. ఆమె ఎవరో మాకు తెలియదు. ఈ సంగతి ఎవరికీ, ముఖ్యముగా బిడ్డకు, చెప్పవద్దని నా భార్య ఒట్టు వేయించుకున్నది. ఇట్టి స్థితిలో నాకు వారితో సంబంధము ఉన్నదో లేదో తేల్చుకొనలేక తప్పుకొంటిని."

కింద సంతకం.

నాయన గురించి సంబంధం లేని మనిషి రాసిన కాగితం లోకంలో ఇదొక్కటే. పేపరు పిల్లాడికి ఫోనులో చెబితే, ఇది ఆదివారం పుస్తకంలో వేయిస్తానన్నాడు. ఈసారి నకలు కాదు, అసలు. అచ్చయితే మూలం అవుతుంది. నాయన పేజీ మళ్ళీ నిలబడవచ్చు. కానీ వేస్తే నాలుగు కాగితాలూ వేయాలి. మూడు కాగితాలిచ్చి నాలుగోది దాచుకోమని నా చేతులకు ఆయన నేర్పలేదు. నాలుగోది వేస్తే, పేపరు తెరిచి ఆ అమ్మాయి చదువుతుంది.

నిన్న ఆ పిల్లాడు మళ్ళీ అడిగాడు. కాగితాలు కనబడడం లేదని చెప్పాను.

అందుకని ఇది ఇలా రాశాను. ఊళ్ళు మార్చాను. పైనుంచి పడింది నిమ్మకాయ కాదు, వేరే పండు. ఆయన పేరు రాయలేదు, ఆ అమ్మాయి పేరు రాయలేదు. ఆమె ఎవరో ఎవరూ పోల్చుకోకూడదంటే మాను ఎక్కినవాడి పేరు కూడా రాయకూడదని, అంతా అయిపోయాక, ఇందాక ఒక్కో లైనూ చదువుకుంటూ వస్తుంటే తెలిసింది. ఒకే ఒక్క చోట నాయన పేరు రాసి ఉన్నాను. దాన్ని ఇప్పుడే కొట్టేశాను.